ఐదు గ్రాముల వెండి బుట్టలు: ఒక తీగపని డైరీ

ఆషాఢం: కొలతలు

మార్గశిరంలో జరగబోయే మా మేనకోడలి ఓణీల వేడుకకు మేనమామ తరఫున పెట్టవలసిన బుట్టకమ్మలను ఈసారి బజారులో కొనకుండా స్వయంగా చేయాలని నిర్ణయించుకున్నాను. వెండితో, తీగపనితో, కరీంనగర్ పద్ధతిలో చేయాలన్నది ఆలోచన. అమ్మాయి పెట్టిన షరతులు రెండు. అమ్మమ్మ పెళ్లినాటి బుట్టలంత పెద్దవిగా కనిపించాలి. రోజంతా పెట్టుకున్నా చెవి లాగకూడదు. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడమే ఈ ప్రాజెక్టులోని అసలు పని.

మా అమ్మ బంగారు బుట్టలను కాటా మీద పెడితే ఒక్కొక్కటి 9 గ్రాములకు పైగా తూగింది. బుట్ట అడుగు వ్యాసం 24 మిల్లీమీటర్లు. అమ్మ చెవి రంధ్రాలు ఇప్పుడు గుండ్రంగా లేవు. కిందికి సాగి నిలువు చీలికల్లా మారాయి. చెవి తమ్మెలో మృదులాస్థి ఉండదు, ఉన్నదంతా మెత్తని కణజాలమే కనుక ఏళ్ల తరబడి మోసిన బరువు అక్కడ తన గుర్తును వదిలిపోతుంది. అందుచేత దుద్దు, సీల, ముత్యాలతో సహా ఒక్కో కమ్మ 5 గ్రాములు దాటకూడదని హద్దు పెట్టుకున్నాను. వ్యాసం మాత్రం అదే 24 మిల్లీమీటర్లు.

కాగితం మీద లెక్క వేస్తే విషయం ఇలా తేలింది. 24 మిల్లీమీటర్ల అర్ధగోళపు ఉపరితలం సుమారు 905 చదరపు మిల్లీమీటర్లు. దానిని 0.4 మిల్లీమీటర్ల మందం గల రేకుతో చేస్తే 92.5 శాతం వెండిలో బుట్ట ఒక్కటే 3.75 గ్రాములు తూగుతుంది. అదే రేకు 22 క్యారెట్ల బంగారమైతే 6.4 గ్రాములు. ఒకే పరిమాణంలో వెండి కంటే బంగారం 1.7 రెట్లు బరువు కనుక, లోహం మార్చడంతోనే సగం దారి నడిచినట్టయింది. మిగిలిన సగం తీగపని చూసుకుంటుందని అనుకున్నాను గాని, లెక్క అందుకు ఒప్పుకోలేదు.

కరీంనగర్ తీగపనిలో నాకు అలవాటైన పద్ధతి, పూరేక ఆకారంలో ఉండే ఒక్కో రేకకు విడిగా చట్రం కట్టి, లోపల సన్నని పురి తీగను సుడులుగా నింపి, ఆ రేకలను చివరికి ఒకదాని పక్కన ఒకటి అతకడం. బుట్టకు ఎనిమిది రేకలు అనుకుంటే, 0.7 మిల్లీమీటర్ల తీగతో చట్రాలకే 1.6 గ్రాములు, 0.25 మిల్లీమీటర్ల జంట తీగతో నింపడానికి దాదాపు 1.5 గ్రాములు, అడుగున 1 మిల్లీమీటరు అంచు వలయానికి 0.6 గ్రాములు పడుతుంది. అతుకులకు కరిగించే టంకం కూడా కలుపుకుంటే మొత్తం 3.8 గ్రాములకు చేరుతుంది. అంటే, రేకు బుట్ట కంటే కాస్త ఎక్కువే. కంటికి సాలెగూడులా పలుచగా కనిపించే వస్తువు కాటా మీద నిండు రేకుతో సమానంగా నిలుస్తుందన్న మాట.

ఈ లెక్కను నాకు పని నేర్పుతున్న పెద్దాయనకు చూపించాను. ఆయన కాగితం వైపు చూడకుండానే, “తీగపని అంటే తేలికని ఎవరు జెప్పిన్రు బిడ్డా? సందు ఎంత ఇడిస్తె గంత తేలిక” అన్నారు. పళ్లేలు, అత్తరుదానులు, పాన్‌దానులు చేసిన చేయి ఆయనది. అక్కడ బరువు దోషం కాదు, కొనేవారి దృష్టిలో అది విలువ కూడా. చెవికి వేలాడే వస్తువులో ఆ లెక్క తిరగబడుతుంది.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కనుక అవుసుల దుకాణాలలో తీరిక దొరుకుతుంది. శ్రావణం వచ్చిందంటే పెద్దాయన పక్కన కూర్చోవడానికి కూడా చోటు ఉండదు. గీతలు గీయడం, ప్రశ్నలు అడగడం అన్నీ ఈ నెలలోనే ముగించాలని పెట్టుకున్నాను.

ఆషాఢం చివర: బరువు మోసే పద్ధతులు

నమూనా గీసే ముందు, పెద్ద చెవి నగల బరువును మనవాళ్లు ఎలా మోశారో ఒకచోట రాసి పెట్టుకోవాలనిపించింది.

అన్నిటికంటే పాతదైన దారి, చెవినే నగకు అనుగుణంగా సాగదీయడం. న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో క్రీస్తుపూర్వం 1వ శతాబ్దానికి చెందిన ఒక జత బంగారు కర్ణాభరణాలు ఉన్నాయి. అవి బహుశా ఆంధ్ర ప్రాంతానివని ఆ మ్యూజియం వారు పేర్కొంటారు. రెండు మొగ్గల వంటి దిమ్మెలు, వాటి మీద రెక్కల సింహం, ఏనుగు, ఒళ్లంతా పొదిగిన సన్నని బంగారు గుళ్లు. అవి సాగిన తమ్మెల నుంచి దాదాపు భుజాల మీదికి ఆనేటంత పెద్దవి. అమరావతి శిల్పాలలోని స్త్రీపురుషుల చెవులను శ్రద్ధగా చూస్తే, ఆ కాలపు వారికి బరువైన కుండలాలు, సాగిన చెవులు ఎంత మామూలో అర్థమవుతుంది. ఆ శిల్పాలు కొన్ని చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలోను, కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను ఉన్నాయి. ఆ దారి ఇప్పటి పిల్లలకు చెల్లదు.

రెండవది, బరువును తలకట్టుకు అప్పగించడం. మాటీలు చేసే పని ఇదే: కమ్మ నుంచి బయలుదేరిన గొలుసు చెవి మీదుగా పోయి జుట్టులో కొక్కెంతో నిలుస్తుంది. చూసేవారు దానిని అలంకారం అనుకుంటారు గాని, సరైన పొడవులో కట్టిన మాటీ కమ్మ బరువులో గణనీయమైన భాగాన్ని జుట్టు మీదికి ఎత్తుతుంది. చెంపసరాలలో అయితే ముత్యాల వరసలే ఆ బాధ్యత తీసుకుంటాయి. లంబాడా స్త్రీలు చెంపల పక్కన వేలాడదీసుకునే ఘుగ్రీలు, టోప్లీలు చెవితో ఏ సంబంధమూ పెట్టుకోకుండా నేరుగా జడపాయలకే వేలాడతాయి. నా దృష్టిలో ఇది అన్నిటికంటే తెలివైన పరిష్కారం. అంత వెండిని చెవికి తగిలిస్తే చెవి మిగలదు.

ఇక మూడవ దారి లోహాన్ని తగ్గించడం. బుట్ట లోపల బోలుగా ఉండడం ఆ దారిలో మొదటి మెట్టు, గోడకే సందులు వదలడం రెండవ మెట్టు. నేను పట్టుకున్నది ఈ దారి. మాటీలు కూడా పెడదామని అక్క అంది గాని, మాటీల సాయం లేకుండానే బుట్ట నిలవాలన్నది నా పట్టుదల. వేడుక మర్నాడు అమ్మాయి కాలేజీకి వాటిని పెట్టుకోగలగాలి. కాలేజీకి మాటీలు ఎవరూ పెట్టుకోరు.

అక్క అత్తగారు మరో అభ్యంతరం లేవనెత్తారు. వెండి కాళ్లకు, బంగారం చెవులకు. శుభకార్యంలో మేనమామ వెండి కమ్మలు పెట్టడమేమిటి అన్నది ఆమె ప్రశ్న. అందులో న్యాయం లేకపోలేదు. లక్ష్మి అన్న భావంతో బంగారాన్ని నడుముకు దిగువన పెట్టుకోరు, పట్టీలు, మట్టెలు వెండితోనే చేయిస్తారు. దాంతో వెండి అంటే కాలి నగ అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. పైగా చెవులు కుట్టించేటప్పుడు పిల్లను మేనమామ ఒడిలో కూర్చోబెట్టి మొదట దూర్చేది బంగారు తీగనే. స్వచ్ఛమైన బంగారం పచ్చి పుండును రేపదు, నల్లబడదు. ఆచారం వెనుక అంతటి లోహజ్ఞానం ఉంది. కనుక ఒక రాజీకి వచ్చాము: చెవిలో దూరే సీల, దాని మర మాత్రం 22 క్యారెట్ల బంగారంతో ఉంటాయి. అలా చేస్తే చెవి రంధ్రం లోపల తాకేది బంగారమే అవుతుంది. బజారులో దొరికే చవక కమ్మలు చాలామందికి దురద పెట్టడానికి కారణమైన నికెల్ ఊసే ఇక్కడ ఉండదు.

శ్రావణం: కరిగించడం, తీగ గుంజడం

మార్చిన నమూనాలో రేకలకు విడి చట్రాలు లేవు. ఎనిమిది ఊచలు, ఒక అడుగు వలయం, పైన ఒక చిన్న వలయం, ఇదే అస్థిపంజరం. పక్కపక్కనున్న రెండు రేకలకు మధ్య ఊచ ఒక్కటే. ఊచ ఒక్కొక్కటి అర్ధగోళపు పావు చుట్టు, అంటే 18.85 మిల్లీమీటర్లు. అడుగు వలయం చుట్టుకొలత 75.4. రెండింటికీ 0.7 మిల్లీమీటర్ల తీగనే వాడితే అస్థిపంజరం 0.9 గ్రాముల వద్ద ఆగుతుంది. నింపుడు తీగను 0.25 నుంచి 0.2 మిల్లీమీటర్లకు దించితే మరో 0.95 గ్రాములు. బుట్ట మొత్తం 2 గ్రాముల చుట్టూ తిరుగుతుంది. తీగ వ్యాసం ఐదో వంతు తగ్గితే బరువు మూడో వంతుకు పైగా తగ్గుతుందన్న చిన్న లెక్క ఇక్కడ ఎంతో మేలు చేసింది.

అస్థిపంజరానికి, నింపుడుకు వేర్వేరు వెండి కావాలి. స్వచ్ఛమైన వెండి మెత్తన. సుడి తిప్పితే చేయి చెప్పినట్టు వింటుంది, ఎన్నిసార్లు కాల్చినా నల్లమచ్చ పడదు, నింపుడుకు అదే తగినది. కాని స్వచ్ఛమైన వెండి ఊచలతో కట్టిన బుట్ట రెండు వేళ్ల మధ్య నొక్కితే చొట్టపడుతుంది. అందుచేత ఊచలకు వెయ్యింటికి 75 పాళ్లు రాగి కలిపిన వెండి తీసుకున్నాను.

మూసలో ముందు వెండి, అది మెత్తబడ్డాక రాగి ముక్కలు, పైన చిటికెడు వెలిగారం. వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాగికి 1085 డిగ్రీలు కావాలి. అయినా కరిగిన వెండిలో రాగి తన వేడిమి హద్దుకు ఎంతో ముందే కలిసిపోతుంది. వెలిగారం పైన గాజు పొరలా పరుచుకుని గాలి తగలనివ్వదు, మలినాలను తనలోకి లాగుతుంది. కరిగిన లోహం అద్దంలా మెరిసి మూసలో తొణికినప్పుడు నూనె పూసి వేడి చేసిన ఇనుప అచ్చులోకి ఒకే ధారగా పోయాలి. అచ్చు చల్లగా ఉంటే ధార మడతలు పడుతుంది, ఆ మడత తరువాత తీగలో పగులుగా బయటపడుతుంది.

ఈ నెల ఎక్కువ భాగం కమ్మచ్చు దగ్గరే గడిచింది. ఉక్కు పలకలో వరసగా తగ్గుతూ పోయే రంధ్రాలు. తీగ మొనను ఆకురాయితో సన్నం చేసి వెనుక నుంచి దూర్చి, ముందు నుంచి పటకారుతో పట్టి గుంజాలి. తేనె మైనం పూయకుండా గుంజితే ఉక్కు వెండిని గీరేస్తుంది. ప్రతి రంధ్రం దాటినప్పుడూ తీగ పొడవు పెరిగి గట్టిపడుతుంది. కొన్ని రంధ్రాల తరువాత అది చేతికి ఎదురు తిరగడం మొదలవుతుంది; అప్పుడు చుట్టగా చుట్టి, చీకటి మూలలో పెట్టి, మసక ఎరుపు వచ్చే వరకు కాల్చి, నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. చీకటి మూల ఎందుకంటే, వెలుతురులో మసక ఎరుపు కంటికి ఆనదు, ఆనేటప్పటికి సన్నని తీగ కరిగి బొట్టు కడుతుంది.

2 మిల్లీమీటర్ల కడ్డీని 0.2 మిల్లీమీటర్లకు దించితే పొడవు నూరు రెట్లు అవుతుంది: జానెడు కన్నా చిన్నదైన 10 సెంటీమీటర్ల ముక్క 10 మీటర్ల తీగగా మారుతుంది, దాని బరువు మాత్రం 3.3 గ్రాములే. జతకు కావలసింది ఆరున్నర మీటర్ల లోపు. చివరి రంధ్రాల దగ్గర పటకారు వదిలి చేతికి బట్ట చుట్టుకుని గుంజాను. పక్కన పెద్దాయన, “ఊపిరి బిగబట్టి గుంజకు. ఒక్క తీరుగ, నడుస్తున్నట్టు గుంజు” అని చెబుతూనే ఉన్నారు. నిజంగానే ఆయన తీగ పట్టుకుని వెనక్కి నడుస్తారు. భుజంతో గుంజితే వేగం మారుతుంది, మారిన చోట తీగ తెగుతుంది.

భాద్రపదం: పురి, అస్థిపంజరం

0.2 తీగలను రెండేసి జతచేసి, ఒక కొస గోడ మేకుకు, మరో కొస చేతి డ్రిల్లుకు కట్టి పురి పెట్టాను. పురి ఎంత బిగిస్తే అంత మంచిదన్నది నిజం కాదు. వదులు పురి నునుపుగా కనిపిస్తుంది, మరీ బిగిస్తే తీగ తనంతట తానే ముడిపడుతుంది. మళ్లీ ఒకసారి కాల్చి, రోలర్ల మధ్య నుంచి పంపి చదును చేస్తే రెండు అంచుల వెంట సన్నని గుళ్ల వరస ఏర్పడుతుంది. ఈ పట్టీని రేకలో పడుకోబెట్టరు, అంచు మీద నిలబెడతారు. చూసేవారికి కనిపించేది ఆ గుళ్ల అంచు మాత్రమే. తీగపనిలో వెండికి ఉండే ఆ చిరు తళుకు పాలిష్ వల్ల వచ్చేది కాదు, ఆ అంచుల మీద వెలుతురు వందల చోట్ల విరగడం వల్ల వచ్చేది.

టంకం నేనే చేసుకున్నాను: రెండు వంతుల వెండికి ఒక వంతు ఇత్తడి. వెండి పూర్తిగా కరిగిన తరువాతే ఇత్తడి వేయాలి. ఇత్తడిలోని జింకు 907 డిగ్రీలకే మరిగి తెల్లని పొగగా పోతుంది, ముందే వేస్తే టంకంలో అది మిగలదు, మిగలకపోతే టంకం తొందరగా కరగదు. ఆ పొగ పీల్చడం మంచిది కాదు కనుక ఆ పని వాకిట్లో చేశాను. కాడ్మియం కలిపిన టంకం ఇంకా తేలికగా కరుగుతుంది. బంగారు దుకాణాలలో ఒకప్పుడు విరివిగా వినిపించిన కేడీఎం అన్న మాట వెనుక ఉన్నది ఆ కాడ్మియమే. దాని పొగ ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పని ఎంత సులువైనా దానిని నా బల్ల మీదికి రానివ్వను. తయారైన టంకపు ముక్కను ఆకురాయితో పొడి చేసి, వెలిగారపు పొడితో కలిపి సీసాలో దాచుకున్నాను.

అస్థిపంజరానికి ఆధారంగా గట్టి బొగ్గు ముక్కను 24 మిల్లీమీటర్ల అర్ధగోళంగా చెక్కాను. బొగ్గు వేడిని తిరిగి పైకి కొడుతుంది, దగ్గరలోని ప్రాణవాయువును తానే కాల్చేసి వెండిని నల్లబడకుండా కాపాడుతుంది, టంకం దానికి అంటదు. ఊచలను దాని మీద వంచి, అడుగు వలయం మీద ఎనిమిది గుర్తుల దగ్గర నిలబెట్టి, సన్నని ఇనుప తీగతో కట్టాను. మంట ముందు వలయం చుట్టూ తిరగాలి. ఊచ సన్ననిది, వలయం పెద్దది, రెండూ ఒకేసారి వేడెక్కకపోతే టంకం వేడెక్కిన ఊచ మీదికి పాకిపోతుంది, అతుకు పడదు. కంటికి తెలిసేది ఒక్క క్షణం: బూడిద రంగు పొడి ఉన్నట్టుండి మెరిసి సందులోకి జారిపోతుంది. అక్కడే మంట తీయాలి.

పెద్దాయన ఇప్పటికీ నూనె దీపం ముందు ఊదుగొట్టంతో ఈ పని చేస్తారు. నేను చిన్న గ్యాసు మంట వాడాను. ఊదుగొట్టంలో ఉన్న సౌకర్యం, ఆపాలనుకున్న క్షణంలో ఊపిరి ఆగుతుంది. గ్యాసు మంటలో చేయి వెనక్కి తీయాలి, ఆ రెంటికీ నడుమ ఉన్న ఆలస్యంలోనే సన్నని తీగలు కరిగిపోతాయి. ఊదుగొట్టం నేర్చుకోవడం ఈ ప్రాజెక్టుకు చాలినంత త్వరగా అయ్యే పని కాదు.

అతికిన అస్థిపంజరాలు ఒక్కొక్కటి 1 గ్రాముకు దగ్గరగా తూగాయి. టంకం లెక్కకు మించి కొద్దిగా పడింది, అయినా హద్దులోనే ఉంది.

ఆశ్వయుజం: నింపుడు

ఇది అన్నిటికంటే నిదానమైన దశ, చెప్పుకోవడానికి ఎక్కువ ఉన్నదీ ఇక్కడే. ఒక్కో రేక అడుగున 9.4 మిల్లీమీటర్ల వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నబడి మొనదేలుతుంది. అందులో ఏ ఆకారం నింపాలి? కరీంనగర్ పనిలో సాధారణంగా కనిపించే తీగలు, ఆకులు, పూలు గీసి చూశాను. రేక మొన దగ్గర అవి ఇరుకై ముద్దలా కనిపించాయి. చివరికి అడుగున రెండు సుడులు ఎదురెదురుగా, వాటి నడుమ నుంచి పైకి లేచే ఒక మామిడిపిందె, మొన దగ్గర వట్టి సందు, అన్న ఏర్పాటుకు వచ్చాను. మామిడిపిందె మన చీర అంచుల మీద, కాసులపేర్ల పక్కన, గద్వాల పట్టు కొంగుల మీద ఎక్కడ చూసినా ఉన్నదే. కొత్తదనం కోసం దానిని వదులుకోవడంలో నాకు అర్థం కనిపించలేదు. పైన వదిలిన సందు బరువును తగ్గించడమే కాక, బుట్ట పైకొన దగ్గర చూపుకు ఊపిరి ఇస్తుంది.

చిమటాతో పట్టీ కొసను పట్టి సుడి తిప్పాలి. సుడి బిగువు మధ్యలో ఎక్కువ, బయటికి వచ్చేకొద్దీ తక్కువ. తిప్పిన సుడిని కావలసిన దానికంటే వెంట్రుకవాసి పెద్దదిగా ఉంచి, నొక్కి రేకలో వదిలితే అది విచ్చుకుని ఊచలను తన్ని పట్టుకుంటుంది. నింపుడుకు అసలైన పట్టు ఈ తన్నుడే. టంకం తరువాతి మాట. తుమ్మజిగురును నీళ్లలో పలుచగా కలిపి అక్కడక్కడా అద్దాను. అది ఆరాక పైన టంకపు పొడి చల్లి, మంటను దూరం నుంచి దగ్గరకు తెస్తే ముందు జిగురు మాడి పోతుంది, ఆ వెనుక వెలిగారం ఉబ్బి కుంగుతుంది, చివరికి పొడి కరుగుతుంది. వెలిగారం ఉబ్బేటప్పుడు తొందరపడితే సుడులు చోటు తప్పుతాయి.

కుడి చెవి, ఎడమ చెవి బుట్టలు ఒకదానికొకటి అద్దంలో నీడల్లా ఉండాలని మామిడిపిందెల వంపును ఒకదానిలో కుడికి, మరొకదానిలో ఎడమకు తిప్పాను. పెట్టుకున్నప్పుడు రెండు వైపులా పిందెల మొనలు ముఖం వైపు తిరుగుతాయి. బజారు జతలలో రెండూ ఒకే అచ్చు నుంచి వస్తాయి కనుక ఈ పొందిక కనిపించదు. బుట్ట గుండ్రంగా తిరుగుతుంది కదా, ఎవరు చూస్తారు అని అక్క అడిగింది. ఎవరూ చూడకపోవచ్చు. చేతితో చేస్తున్నప్పుడు అదనపు ఖర్చు లేని పొందికను వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

ప్రతి అతుకు తరువాత వెలిగారపు గాజును, రాగి నలుపును కరిగించడానికి వస్తువును పులుపులో వేయాలి. పెద్దాయన దుకాణంలో పలుచని గంధకామ్లం ఉంటుంది. ఇంట్లో వేడి పటిక నీళ్లు వాడాను, అవి నిదానమైనా పిల్లలు తిరిగే ఇంటికి మేలు. పాతరోజులలో ఈ పనికి చింతపండు పులుసు కూడా వాడేవారు. ఇనుప పటకారు అందులో ముంచకూడదు. ముంచితే నీళ్లలో ఉన్న రాగి వెండి మీద ఎర్రగా పూత పడుతుంది. వెదురు పుల్లతో తీశాను. కాల్చడం, పులుపులో వేయడం మళ్లీ మళ్లీ జరిగేకొద్దీ ఊచల పైపొరలోని రాగి తరిగి, స్వచ్ఛమైన వెండి తెలుపు పైకి తేలుతుంది. అందువల్ల రెండు రకాల వెండి ఒకే రంగుకు వచ్చాయి, ఎక్కడ ఏది ఉందో ఇప్పుడు కంటితో చెప్పడం కష్టం.

దసరా నాటికి రెండు బుట్టలూ పూర్తయ్యాయి. ఒకటి 2.3 గ్రాములు, మరొకటి 2.2. నిండు రేకుతో పోలిస్తే గ్రామున్నరకు దగ్గరగా ఆదా.

కార్తీకం: దుద్దు, ముత్యాలు, సీల

పై దుద్దు 11 మిల్లీమీటర్ల బిళ్ల, దాని మీద చిన్న వెండి గుళ్లతో పద్మం. గుళ్లు చేయడం ఎంతో సులువు: 0.5 మిల్లీమీటర్ల తీగను మిల్లీమీటరు ముక్కలుగా కత్తిరించి, బొగ్గుపొడిలో ఒకదానికొకటి తగలకుండా పరిచి కాలిస్తే, కరిగిన వెండి తనంతట తాను గుండ్రబడుతుంది. అలా వచ్చే గుండు వ్యాసం 0.7 మిల్లీమీటర్ల పైచిలుకు. రెండువేల ఏళ్ల కిందట ఆ రెక్కల సింహానికి గుళ్లు పొదిగిన చేయి కూడా లోహపు ఈ స్వభావం మీదనే ఆధారపడింది. అతకడంలో ఆ పనితనం దరిదాపులకు నాది రాదు. భూతద్దంలో చూస్తే నా గుళ్ల పాదాల దగ్గర టంకం కనిపిస్తుంది.

బంగారు సీల, మర కరీంనగర్ బజారులో తయారుగా కొన్నాను. చేతిపని అన్న పేరుతో మర చుట్లను కూడా చేత్తో కోయడం అనవసరమైన పంతం. చుట్లు సరిగా పడని సీల ఊడి, కమ్మ ఎక్కడో పారిపోతుంది. మనవైపు వాడే ఈ సీల పాశ్చాత్యపు కొక్కెం తీగల కంటే లావైనది. బరువైన కమ్మకు అదే క్షేమం. సన్నని తీగ తమ్మెను కోస్తుంది, లావు సీల అదే బరువును ఎక్కువ చోటు మీద పరుస్తుంది. దీనిని దుద్దు బిళ్ల మధ్యలో కాకుండా కాస్త పైన అతికాను. కమ్మ ముందుకు వాలడానికి చాలాసార్లు బరువు కన్నా సీల చోటే కారణం. వేలాడే బరువు సీలకు సూటిగా కింద ఉంటే దుద్దు తమ్మెకు ఆని నిలుస్తుంది. బంగారాన్ని వెండికి అతికేటప్పుడు మంట ఎక్కువసేపు ఉంటే వెండి టంకం బంగారంలోకి కలిసి సీల మొదలు పలుచబడుతుంది. కాబట్టి ఈ అతుకును అన్నిటికంటే చివర, అన్నిటికంటే తక్కువ వేడితో వేశాను.

ముత్యాలు హైదరాబాదు నుంచి తెప్పించాను. పత్థర్‌గట్టీ దుకాణాలలో దొరికే మంచినీటి ముత్యాలు, 3 మిల్లీమీటర్లవి. ఒక్కొక్కటి 0.04 గ్రాముల లోపే, బుట్టకు పదహారు కలిపినా 0.6 గ్రాములు. ముత్యం పులుపుకు కరిగేది, మంటకు మాడేది కనుక నిప్పుపని, నీళ్లపని అంతా ముగిసి, కుంకుడు రసంతో ఇత్తడి కుంచె పట్టి తోమిన తరువాతే వాటిని అంచు వలయం కింద ఉన్న కొక్కేలకు సన్నని తీగతో కట్టాను. నిండు గుండ్రని ముత్యాల కంటే కాస్త కోలగా ఉన్నవి కిందికి వేలాడినప్పుడు బాగుంటాయి, ధర కూడా తక్కువ.

చివరి తూకం: కుడిది 4.8 గ్రాములు, ఎడమది 4.7.

మార్గశిరం

వేడుకకు ముందు ఒక ఆదివారం ఉదయం నుంచి దీపాలు పెట్టే వేళ వరకు మేనకోడలు వాటిని పెట్టుకుని తిరిగింది. తమ్మె ఎరుపెక్కలేదు, దుద్దు ముందుకు వాలలేదు. “మామయ్యా, బుట్టలు బాగున్నాయి గాని ఓణీ దారాలు పట్టుకుంటున్నాయి” అన్నది ఆమె చెప్పిన ఒకే ఒక లోపం. చూస్తే, అంచు వలయం కింద ముత్యాలు కట్టిన తీగల కొసలు కొన్ని బయటికి పొడుచుకుని ఉన్నాయి. వాటిని లోపలికి మడిచి, ఆకురాయితో మొద్దుబార్చాను.

అక్క అత్తగారు సీలను గోటితో గీరి చూసి, బంగారమేనని తేల్చుకుని, వేడుక నాడు తానే అమ్మాయి చెవులకు పెట్టారు. మాటీలు కూడా ఉండవలసిందని అన్నారు.

దాచడానికి గాలి చొరని ప్లాస్టిక్ సంచీ, తేమ పీల్చే చిన్న పొట్లం ఇచ్చాను. రబ్బరు బ్యాండు దగ్గర పెట్టవద్దని, రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుందని కూడా చెప్పాను. తీగపని నల్లబడితే గుడ్డతో రుద్దకూడదు, సుడులు లేస్తాయి. ముత్యాలు ఉన్నాయి కనుక రసాయనాల్లో ముంచకూడదు. పలుచని కుంకుడు రసం, మెత్తని కుంచె చాలు.

తరువాతి జతకు నమూనా మొదలైంది. ఈసారి ఎనిమిది ఊచలకు బదులు ఆరు. రేక వెడల్పు అడుగున 12.6 మిల్లీమీటర్లు అవుతుంది కనుక సుడి ఒక్కటీ పెద్దదై తన పట్టును తాను నిలుపుకోగలదా అన్నది చూడాలి. నిలిస్తే బుట్ట 2 గ్రాముల లోపుకు వస్తుంది. పెద్దాయన మాత్రం ఆరు ఊచలతో బుట్ట గుండ్రంగా కనిపించదని, కింద నుంచి చూస్తే ఆరు పలకలుగా తేలుతుందని అంటున్నారు. బొగ్గు మీద ఒక అస్థిపంజరం కట్టి ఆయనకు చూపించిన తరువాతే నింపుడు తీగ గుంజుతాను.